చిన్నోడి క్లాసుకి వాలెంటైన్ కార్డులు

చి.సౌ. స్వాతికి,

పెద్దమ్మ ఆశీస్సులు. కిండర్‌గార్టెన్‌లో వాలెంటైన్ కార్డులు పంచాలని టీచర్ కాగితం పంపిందన్నావు. మన వైపు ఆ రోజంటే పడుచువాళ్ల వ్యవహారమేగానీ, అమెరికా బళ్లలో చిన్న తరగతులకి అది స్నేహితుల పండగ. క్లాసులో ఒక్కొక్కరికీ ఒక సంచి పెడతారు, పిల్లలందరూ అందరి సంచుల్లోనూ కార్డులు వేస్తారు. ఒకరికి వేసి ఒకరికి మానడం ఉండదు. అందుకని ముందు లెక్క చూసుకో. చిన్నోడు కాక క్లాసులో 22 మంది ఉంటే టీచరుకీ, సహాయకురాలికీ కలిపి 24. చెడిపోయేవాటికి ఇంకో 4 వేసుకో. పేజీకి నాలుగు కార్డుల చొప్పున 7 పేజీలు చాలు.

2027లో ఫిబ్రవరి 14 ఆదివారం పడింది, మర్నాడు ప్రెసిడెంట్స్ డే సెలవు. పంపకం 12వ తేదీ శుక్రవారమే పెట్టొచ్చు, లేదా ఇంకా ముందే. టీచర్ని అడిగి ఖాయం చేసుకో.

కాగితం విషయంలో చాలామంది తప్పు చేస్తారు. అందంగా ఉంటుందని నిగనిగలాడే ఫోటో పేపర్ తెస్తారు. దానిమీద పెన్సిల్ పడదు, స్కెచ్ పెన్ను అలుక్కుపోతుంది. మెరుపు లేని 65 పౌండ్ల కార్డ్‌స్టాక్ (అట్టలాంటి కాగితం) తీసుకో. ఆ పౌండ్లు కాగితం మందాన్ని చెప్పే లెక్క, అంటే చదరపు మీటరుకి సుమారు 176 గ్రాములు (జీఎస్ఎం). అంతకంటే మందమైతే ఇంట్లో ప్రింటర్ లోపల వంపు తిరిగేచోట ఇరుక్కోవచ్చు. వెనకవైపు ట్రే ఉంటే అందులోంచి ఒక్కొక్కటే పెట్టు.

డిజైన్ లెటర్ సైజుకే గియ్యి, అంటే ఎనిమిదిన్నర అంగుళాలు బై పదకొండు. నాలుగు భాగాలు చేస్తే ఒక్కో కార్డు నాలుగుంబావు బై అయిదున్నర వస్తుంది. ఇండియా నుంచి ఎవరైనా పంపిన ఫైలు అయితే అది ఏ4 కొలతలో ఉంటుంది. దాన్ని అలాగే ప్రింట్ చేస్తే కింద కోసుకుపోతుంది, లేకపోతే మొత్తం కుంచించుకుపోయి కోత గీతలు పక్కకి జరుగుతాయి. ప్రింట్ ఇచ్చేటప్పుడు ‘ఫిట్’ కాకుండా ‘యాక్చువల్ సైజ్’ నొక్కు. ముందు మామూలు కాగితం మీద ఒకటి తీసి స్కేలుతో కొలిచి చూడు. బొమ్మనీ అక్షరాలనీ అంచుకి పావు అంగుళం లోపలే ఉంచు, ఇంటి ప్రింటర్లు చాలావరకు అంచుదాకా వెయ్యలేవు. కార్డంతా ఎర్రరంగు నింపకు. ఇంకు తాగేస్తుంది, కాగితం తడికి వంకర తిరుగుతుంది. గీతబొమ్మ చాలు, రంగులు వాడే వేసుకుంటాడు.

కార్డులో అన్నిటికన్నా ముఖ్యం వాడి పేరు రాసే చోటు. అయిదేళ్ల చేతికి ముప్పావు అంగుళం ఎత్తు, కనీసం మూడు అంగుళాల పొడవు ఉండాలి. దుకాణంలో దొరికే కార్డుల్లో ఆ గీత వెంట్రుకలా ఉంటుంది, పిల్లలు అక్కడే ఏడుస్తారు. ‘టు’ (ఎవరికి) అన్నచోట పుచ్చుకునేవాళ్ల పేరు రాయించాలా వద్దా అని టీచర్ని అడుగు. చదవడం ఇంకా రాని క్లాసుల్లో అక్కడ ఖాళీగా వదిలేస్తేనే సుఖం. పేర్లు వెతుక్కోకుండా సంచికి ఒకటి చొప్పున వేసుకుంటూ పోతారు. అలా అయితే వాడు తన పేరొక్కటే రాస్తే సరి. రోజుకి అయిదుకి మించి రాయించకు, వారం రోజుల ముందే మొదలుపెట్టు. అయిదోది దాటాక అక్షరాలు ఎటు పోతాయో నువ్వే చూస్తావు. ముందు కార్డులు కోసెయ్యి, తర్వాత రాయించు. నాలుగూ ఒకే పేజీలో ఉంటే పైవాటికి చెయ్యి అందక కింది కార్డు మీద మోచెయ్యి ఆనించి అలికేస్తాడు. కార్డు కదలకుండా మూలకి చిన్న టేపు ముక్క అంటించు.

తినేవి పెట్టకు. వేరుశనగ పడని పిల్లలు ఉంటారు, చాలా బళ్లు మిఠాయి రానివ్వవు కూడా. పెన్సిల్ పెట్టు. కార్డు నిలువుగా పట్టుకుని, కుడి అంచుకి ముప్పావు అంగుళం లోపల, ఒకదాని కింద ఒకటి రెండంగుళాల ఎడంతో రెండు అడ్డ చీలికలు పెట్టి పెన్సిల్ దూర్చాలి. పెన్సిల్ మందం 7 మిల్లీమీటర్లు కాబట్టి చీలిక 10 నుంచి 12 ఉండాలి. పొట్టిదైతే పిల్లవాడు లాగినప్పుడు మూల దగ్గర చిరుగుతుంది, పొడుగైతే సంచిలోకి వెళ్లేలోపే జారిపోతుంది. కత్తి పని నువ్వే చెయ్యి. పెన్సిల్ చెక్కకుండానే ఇవ్వు, మొన సంచిని పొడుస్తుంది. పేరు రాయడం అయ్యాకే దూర్చు. పేరూ బొమ్మా ఎడమవైపే సర్దుకో.

మాట విషయానికొస్తే, ‘బీ మైన్’ (నా సొంతమైపో) లాంటి ప్రేమ మాటలు వద్దు. ‘నువ్వు నా ఫ్రెండ్‌వి’ అన్న అర్థం వచ్చేదే ఇంగ్లీషులో పెట్టు. మూల తెలుగులో ‘స్నేహం’ అని వేస్తే ముచ్చటగా ఉంటుంది, ఇదేం రాత అని పిల్లలు అడుగుతారు, వాడు చదివి చెబుతాడు. కానీ కొన్ని డిజైన్ యాప్‌లలో ఒత్తులు విడిపోతాయి, ‘స్నే’లో నావత్తు పక్కకి వచ్చి కూర్చుంటుంది. పీడీఎఫ్ చేసి పెద్దది చేసి చూశాకే ప్రింట్ తియ్యి.

ఇంకు ఆరడానికి పది నిమిషాలు పరిచి ఉంచు, ఒకదానిమీద ఒకటి పేర్చకు. అన్నీ అయ్యాక లెక్కపెట్టి ఒక జిప్ సంచిలో వేసి, పైన వాడి పేరు రాసి, ఖాళీ కార్డులు రెండు కూడా అందులోనే పెట్టి పంపు. వారం మధ్యలో కొత్త పిల్ల చేరితే అవసరమవుతాయి.

మీ పెద్దమ్మ