పొక్కిందా, లీకైందా?

సందేహం: ప్రభుత్వ రహస్యం ఏదైనా పత్రికకెక్కితే ‘లీకైంది’ అంటున్నారు. తెలుగులో దీనికి మాటే లేదా? ‘ఉప్పందించారు’ అనొచ్చా? ‘విశ్వసనీయ వర్గాలు తెలిపాయి’ అని రాయడం సరైనదేనా?

సమాధానం: మాట లేకపోవడమేమిటండీ, చక్కటి మాట ఉంది: పొక్కు. ‘విషయం బయటికి పొక్కింది’, ‘పొక్కనివ్వకండి’ అని ఇప్పటికీ అంటూనే ఉన్నాం, రాసేటప్పుడే ఎందుకో గుర్తురాదు. వేడి తగిలితే నోరు పొక్కుతుంది, కాలిన చోట చర్మం పొక్కుతుంది. పాత కావ్యాల్లోనైతే పొక్కడమంటే దుఃఖించడం, లోలోపల కుమిలిపోవడం కూడా. ఈ అర్థాలన్నీ ఒక్క ధాతువువేనని నా నమ్మకం. లోపల కాలినదే పైకి ఉబ్బి కనిపిస్తుంది. లీకు అన్నామంటే గొట్టానికి చిల్లు పడిందని అర్థం, ఇక అందరూ ఆ చిల్లు ఎక్కడుందా అని వెతుకుతారు. అమెరికాలో 1971లో వియత్నాం యుద్ధం గురించిన రహస్య పత్రాలు పత్రికల్లో వచ్చాక, లీకులు ఆపడానికి అప్పటి అధ్యక్షుడు నిక్సన్ మనుషులు పెట్టుకున్న రహస్య బృందానికి ప్లంబర్లనే పేరే స్థిరపడింది. ఆ బృందంలోని వాళ్లే మరుసటి ఏడు ప్రతిపక్ష డెమొక్రాట్ల కార్యాలయంలో జరిగిన వాటర్‌గేట్ చొరబాటు వెనక ఉన్నారు. పొక్కింది అంటే మాత్రం లోపల కాలిందేమిటన్న ప్రశ్న వస్తుంది. మాటల్లో లీకు అంటే నేను అడ్డుపడను, రాతలో పొక్కును వదులుకోకండి.

ఉప్పందించడం వేరు. జరగబోయేదాన్ని ముందే రహస్యంగా చెప్పడం అది. సోదాకు వస్తున్నారని ఉప్పందిస్తారు. జరిగిపోయిన అక్రమాన్ని కాగితాలతో బయటపెట్టినవాడికి ఆ మాట సరిపడదు. అలాంటివాణ్ని ‘లీకువీరుడు’ అనడం నాకు అసలు గిట్టదు. ఉద్యోగాన్ని పణంగా పెట్టిన మనిషిని వెటకారం చేయడమేమిటి?

ఇక వర్గాలు. వర్గమంటే ఒకే తీరువాటి గుంపు. క నుంచి ఙ దాకా ఐదూ కలిస్తే కవర్గం. ఒక్క గుమస్తా చెప్పినదాన్ని ‘వర్గాలు తెలిపాయి’ అని రాస్తే వ్యాకరణం తప్పదు గానీ నిజం తప్పుతుంది. ‘పేరు చెప్పడానికి ఇష్టపడని ఒక అధికారి’ అంటే పోయేదేముంది? అయితే ఆ ‘ఒక’ వల్లే మనిషి దొరికిపోయేలా ఉంటే వర్గాలనే ఉండనివ్వండి. అందుకే పూర్తిగా తప్పని చెప్పలేకపోతున్నాను.

‘విషయం పొక్కింది’లో కర్త విషయమే, బయటపెట్టిన మనిషికి వాక్యంలో చోటుండదు. అలా ఉండడం అవసరం కూడా. వాటర్‌గేట్ వార్తలకు ముఖ్య ఆధారమైన, అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ అధికారి మార్క్ ఫెల్ట్ పేరును, 1974లో నిక్సన్ దిగిపోయాక కూడా వాషింగ్టన్ పోస్ట్ విలేకరులు చెప్పలేదు. 2005లో ఆయనే బయటపడ్డాడు. మన ప్రెస్ కౌన్సిల్ చట్టం (1978) కూడా వార్త ఎవరిచ్చారో చెప్పమని కౌన్సిల్ విలేకరిని బలవంతపెట్టకూడదంటుంది.

నాకు కోపం వచ్చేది మరోచోట. ‘నిధులు దారి మళ్లాయి’ అంటాడు మంత్రి. ఇక్కడ కర్త నిధులట! డబ్బు తనంతట తాను నడిచిపోయిందా? ఫైలు పొక్కించిందెవరో తేల్చమని విచారణ వేసేవాళ్లు, తమ వాక్యంలో మనిషిని ఇలా మాయం చేస్తుంటే, విలేకరులు దాన్ని అక్షరం మార్చకుండా అచ్చేస్తున్నారు. మళ్లించిందెవరని అడగండి. జవాబు రాకపోతే, అడిగామనీ రాలేదనీ ఆ వార్తలోనే రాయండి.