స్టెంట్ వేసిన అమ్మను నీళ్లలో దించొచ్చా అని అడిగిన తమ్ముడికి

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. అమ్మకు 61 ఏళ్లు, రెండు నెలల కింద కర్నూలులో స్టెంట్ వేశారు, రోజూ నడవమన్నారు, కానీ మోకాళ్లు అరిగి వీధి చివరిదాకా పోయేసరికే కూలబడుతోంది, ఈత కొలనులో వ్యాయామం చేయిస్తే గుండెకు ఏమన్నా అవుతుందేమో అని నీ భయం. మాది కడప. నాకు మూడేళ్ల కింద బైపాస్ అయింది, మోకాళ్ల సంగతి మీ అమ్మ మాదిరే. నేను మళ్లీ మనిషినైంది నీళ్లలో నడిచే. అందుకే చెప్తున్నా, చేయించు, కానీ ఈత వద్దు, నడక చాలు. అది కూడా గుండె డాక్టర్ సరే అన్నాకే.

నీళ్లలో ఒళ్లు తేలికవుతుంది కదా, గుండెకు కూడా రెస్ట్ అనుకుంటాం. నేనూ అట్లే అనుకున్నా. మా డాక్టర్ మందుల చీటీ వెనక బొమ్మ గీసి చూపించారు. మెడదాకా నీళ్లలో నిలబడితే నీళ్ల ఒత్తిడికి కాళ్లలో, కడుపులో ఉన్న రక్తం దాదాపు 700 మిల్లీలీటర్లు పైకి ఛాతీలోకి వస్తుందంట, అంటే మనం చెయ్యి కదిలించకముందే గుండెకు పని పెరిగిందన్నమాట. కుదురుకున్న గుండె దాన్ని తట్టుకుంటుంది, అదే దానికి మంచి కసరత్తు. కానీ గుండె బాగా బలహీనపడి, పడుకుంటే ఆయాసం రావడం, పాదాలు వాయడం ఉన్నవాళ్లకు ఆ రక్తమే బరువవుతుంది. మీ అమ్మకు అట్లాంటివి ఏవన్నా ఉంటే కొలను మాట ఇప్పుడు ఎత్తొద్దు. లేకపోయినా ఎకో (గుండె స్కానింగ్) రిపోర్టు పట్టుకొనిపోయి ‘ఛాతీ లోతు నీళ్లలో నడిపిస్తాం’ అని విడమరిచి అడుగు, ఊరికే ఎక్సర్‌సైజు అంటే వాళ్లు మామూలు నడకే అనుకుంటారు. నాకైతే రొమ్ము ఎముక అతుక్కొని కుట్లు పూర్తిగా మానాలని మూడు నెలలు ఆగమన్నారు.

మోకాళ్లకు మాత్రం నీళ్లంత సుఖం ఇంకెక్కడా లేదు. నడుము లోతులో మన బరువు సగమే తెలుస్తుంది, ఛాతీ లోతులో మూడో వంతు కంటే తక్కువ. నేను 80 కిలోలు, నీళ్లలో నా మోకాళ్ల మీద పాతిక కిలోల చిల్లర పడేది. గేటు దాకా నడవలేనిదాన్ని మొదటి నెల అయ్యేసరికి కొలనులో ఆపకుండా ఇరవై నిమిషాలు నడిచాను. ఆరోజు ఇంటికొచ్చి ఏడ్చాను.

ఈత ఎందుకు వద్దంటే, రానివాళ్లు కంగారులో ఊపిరి బిగపడతారు, వచ్చినవాళ్లు ఎంత గట్టిగా కొడుతున్నారో వాళ్లకే తెలీదు, రెండూ గుండెకు చెడ్డవే. నడక అయితే వేగం మన చేతిలో ఉంటుంది. ముందు పది నిమిషాలు మెల్లగా, తర్వాత కొంచెం గట్టిగా, మధ్యలో గోడ కడ్డీ పట్టుకొని కాలు పక్కకు లేపి దించడం, చివర్లో మళ్లీ పది నిమిషాలు మెల్లగా. వారానికి మూడు రోజులు. మా కోడలు నాకు స్మార్ట్ వాచీ కట్టింది గానీ నేను దాన్ని నమ్ముకోలేదు. నీళ్లలో నాడి గట్టు మీద కంటే పది దాకా తక్కువే కొట్టుకుంటుంది, దానికి తోడు మెటోప్రొలాల్ లాంటి, గుండె వేగం తగ్గించే మాత్ర వాడేవాళ్లకు అది ముందే తగ్గి ఉంటుంది, కాబట్టి వాచీలో అంకె చూసి ఇంకా చేయొచ్చులే అనుకుంటే మోసపోతాం. నేనూ మా తోడికోడలూ మాట్లాడుకుంటూ నడిచేవాళ్లం, మాట మధ్యలో ఊపిరి కోసం ఆగాల్సొస్తే వేగం తగ్గించేదాన్ని.

ఇప్పుడు చెప్పేది బాగా గుర్తుపెట్టుకో. మూడో వారంలో ఒకరోజు టైం అయిపోయిందని గబగబా మెట్లెక్కి బయటికొచ్చా, కళ్లు బైర్లు కమ్మాయి, తోడికోడలు పట్టుకోకపోతే ఆ బండల మీద పడి తల పగిలేది. బయటికి రాగానే నీళ్ల ఒత్తిడి పోయి రక్తం ఒక్కసారిగా కాళ్లలోకి దిగుతుంది, బీపీ పడిపోతుంది, బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకు ఇంకా ఎక్కువ. పైగా అది మే నెల, నేను పొద్దున్నుంచి నీళ్లు తాగలేదు. నీళ్లలో ఉంటే ఒంటేలు కూడా ఎక్కువ తయారవుతుంది, దాంతో ఒళ్లు ఇంకా ఎండిపోతుంది. ఆ తర్వాత నుంచి నడుము లోతుకు వచ్చి కాసేపు నడిచి, ఒక్కో మెట్టు మీద ఆగి, గట్టు మీద కూర్చొని అప్పుడు లేచేదాన్ని. అమ్మను నీళ్లు తాగకుండా ఉండనీయొద్దు, కానీ డాక్టర్ నీళ్లు ఇంతే తాగాలని లెక్క పెట్టి ఉంటే ఆ లెక్క తప్పొద్దు.

మా ఇంటాయన బెండ్లు కట్టుకొని బావిలో ఈత నేర్చిన మనిషి. ‘డబ్బులు దండగ, మన చేని బావి ఉంది కదా’ అన్నాడు. బావిలో కాలు ఆనదు, అడుగు నీళ్లు చల్లగా ఉంటాయి, ఉన్నట్టుండి చలి తగిలితే రక్తనాళాలు ముడుచుకొని బీపీ పెరుగుతుంది, గుండె లయ తప్పుతుంది. కేసీ కెనాల్, తుంగభద్ర అయితే ఇంకా వద్దు, ఆ లాగుడుకు గట్టివాళ్లే నిలబడలేరు. కొలనులో కూడా గోరువెచ్చగా ఉన్నప్పుడే దించు, చలికాలం తెల్లవారుజామున వద్దు. మరీ వేడి నీళ్లూ మంచివి కావు.

ఆడవాళ్ల బ్యాచ్ ఉందేమో ముందు కనుక్కో. చీరతో దిగనివ్వరు, దిగినా తడిసి బరువై కాళ్లకు చుట్టుకుంటుంది. నేను నైలాన్ గుడ్డతో చుడీదార్ కుట్టించుకున్నా, మొదటి రోజు సిగ్గుతో చచ్చిపోయా గానీ రెండో వారానికి ఆ సంగతే మర్చిపోయాను. సంగటి తిని వెంటనే దిగనీయొద్దు, రెండు గంటలు పోనీ. డాక్టర్ సార్బిట్రేట్ (ఛాతీ నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకునే మాత్ర) రాసిచ్చి ఉంటే ఆ మాత్రలు సంచిలో కాదు, గట్టు మీద చేతికందేలా పెట్టు. ఛాతీలో బరువు, ఎడమ చేతిలోకో దవడలోకో గుంజుడు, చల్లటి చెమట, వీటిలో ఏది వచ్చినా ఆపేసి మెల్లగా బయటికి తీసుకొచ్చి కూర్చోబెట్టి 108కి ఫోన్ చెయ్యి, కాసేపు చూద్దాంలే అనుకోవద్దు.

మొదటి రోజు ఐదు నిమిషాలు చాలు. నువ్వు గట్టు మీద కూర్చోకుండా అక్కనో భార్యనో ఎవరినన్నా ఆమె పక్కన నీళ్లలో నిలబెట్టు.