ఆ పేరా ఎందుకు కొట్టేశావు?

చిరంజీవికి ఆశీస్సులు.

వేరే నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాల మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. భాష బాగుంది, వాక్యం చక్కగా నడుస్తోంది. మెచ్చుకోలు ఇంతటితో ఆపుతాను. నాలుగో పేజీలో నువ్వు చేసిన పని నన్ను నిన్న రాత్రి సరిగ్గా నిద్రపోనివ్వలేదు.

ఆ పేజీలో ఒక పేరా రాసి, అడ్డంగా గీతలు గీసి కొట్టేశావు. గీతల కింద అక్షరాలు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. హెచ్‌డీ 189733బి అనే గ్రహం తన నక్షత్రాన్ని 2.2 రోజులకోసారి చుట్టి వస్తుంది, ఆ నక్షత్రం బరువు సూర్యుడి బరువులో సుమారు 80 శాతం, కాబట్టి చుట్టి వచ్చే కాలానికీ దూరానికీ ఉన్న సంబంధం చెప్పే కెప్లర్ మూడో సూత్రం ప్రకారం రెండింటి మధ్య దూరం దాదాపు 46 లక్షల కిలోమీటర్లు అని సొంతంగా లెక్క కట్టావు. నేనూ కట్టి చూశాను, సరిపోయింది. సూర్యుడికీ బుధుడికీ ఉన్న దూరంలో ఇది పన్నెండో వంతు కూడా కాదు. ఆ గ్రహం అంత వేడిగా ఎందుకుందో ఈ ఒక్క లెక్కతో చదివేవాళ్ళకి అర్థమైపోయేది. దాన్ని కొట్టేసి ఏం పెట్టావు? ‘నరకాన్ని తలపించే అగ్నిగోళం’ అని పెట్టావు. వెంటనే ‘ఆ నేల మీద సూర్యోదయం భయానకంగా ఉంటుంది’ అన్నావు.

అక్కడ సూర్యోదయం ఉండదు, తల్లీ. నక్షత్రానికి అంత దగ్గరగా తిరిగే గ్రహం, మన చంద్రుడు భూమికి ఎప్పుడూ ఒకే ముఖం చూపించినట్టు, నక్షత్రానికి ఒకే వైపు చూపిస్తూ తిరుగుతుంది. ఆ వైపు ఎప్పుడూ పగలే, రెండో వైపు ఎప్పుడూ రాత్రే. పగటి వైపు నుంచి చూస్తే ఆ నక్షత్రం మనకు కనిపించే సూర్యుడి కంటే ఇరవై రెట్లకు పైగా వెడల్పుగా, ఆకాశంలో కదలకుండా ఉంటుంది. ఇక నేలంటావా, అది గురుగ్రహం లాంటి వాయుగోళం, కాలు మోపడానికి నేలే లేదు. దూరాన్ని లెక్క కట్టగలిగిన అమ్మాయి ఇలా ఎందుకు రాసింది? లెక్కను పక్కన పెట్టగానే గ్రహం నీ కళ్ళ ముందు నుంచి తప్పుకుంది. విశేషణాలు మిగిలాయి.

అంకెలు చూస్తే పాఠకులు పారిపోతారని నీకు ఎవరో చెప్పి ఉంటారు. నాకూ చెప్పారు. 1995లో ఖగోళ శాస్త్రవేత్తలు మిషెల్ మేయర్, డిడియే క్వెలోజ్ 51 పెగాసీ అనే నక్షత్రం దగ్గర నాలుగు రోజుల చిల్లరలో ఒక చుట్టు తిరిగే గ్రహాన్ని కనిపెట్టినప్పుడు నేను పెద్ద వ్యాసం రాశాను. వాళ్ళు గ్రహాన్ని చూడలేదు. దాని లాగుడికి నక్షత్రం సెకనుకు యాభై మీటర్ల పైచిలుకు వేగంతో మన వైపుకీ అవతలికీ ఊగుతుంటే, నక్షత్ర కాంతిని రంగులుగా విడగొట్టిన వర్ణపటంలో గీతలు అటూ ఇటూ జరగడం చూసి పట్టుకున్నారు. నా వ్యాసంలో ఎక్కువ భాగం ఆ ఊగడం గురించే. ఒక పత్రిక ఎడిటర్ ఆ భాగమంతా తీసేసి, మిగిలిన నాలుగు ముక్కల పక్కన ఎవరో గీసిన ఎర్ర బంతి బొమ్మ వేసి, కింద ‘కొత్త గ్రహం ఇదే’ అని రాశాడు. అడిగితే, ‘ఎలా కనిపెట్టారో మనకెందుకండీ, ఏం కనిపెట్టారో చాలు’ అన్నాడు. ఇన్నేళ్ళయినా ఆ మాట గుర్తొస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ తర్వాత చాలాకాలం నా వ్యాసాలు వేసేవాళ్ళే దొరకలేదు. ట్యూషన్లు చెప్పుకుని, ప్రూఫులు దిద్దుకుని బతికాను. ‘ఎలా’ లేని వ్యాసం మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.

‘ఎలా’ అనేదానికి ఎంత బలం ఉందో ఖగోళ శాస్త్రవేత్త ఒట్టో స్ట్రూవ్‌ని చూస్తే తెలుస్తుంది. 1952లో ఆయన ఒక చిన్న పత్రం రాశాడు. గురుగ్రహమంత గ్రహం నక్షత్రానికి చాలా దగ్గరగా, ఒక్క రోజులో చుట్టి వచ్చేలా ఎందుకు ఉండకూడదని అడిగాడు. ఉంటే నక్షత్రం ఊగడాన్ని బట్టి పట్టుకోవచ్చన్నాడు, అది నక్షత్రానికి అడ్డొచ్చినప్పుడు వెలుగు తగ్గడాన్ని బట్టీ పట్టుకోవచ్చన్నాడు. అప్పటికి ఆయన చేతిలో అలాంటి గ్రహం ఒక్కటీ లేదు. నలభై ఏళ్ళు దాటాక రెండు దారులూ పనిచేశాయి.

ఇక నీ గ్రహం సంగతి. ‘నీలి గ్రహం, గాజు వానలు’ అని హెడ్డింగ్ పెట్టావు. ఈ ఫ్యాషన్ చూస్తే నాకు బాధేస్తుంది. ఆ నీలం ఎలా తెలిసిందో చెప్పు. గ్రహం నక్షత్రం వెనక్కి వెళ్ళినప్పుడు అక్కడి నుంచి వచ్చే మొత్తం వెలుగులో నీలం పాలు రవ్వంత తగ్గింది, ఆకుపచ్చ పాలు తగ్గలేదు. అంటే గ్రహం మన వైపు తిప్పి పంపుతున్నది నీలమన్నమాట. 2013లో హబుల్ టెలిస్కోప్‌తో పట్టిన తేడా ఇది. గాజు వానను ఎవరూ చూడలేదు. అక్కడి గాలిలో సిలికేట్ (ఇసుకలో, గాజులో ఉండే పదార్థం) రేణువులు ఉండవచ్చు, గాలులు గంటకు వేల కిలోమీటర్ల వేగంతో వీస్తున్నాయి, ఈ రెండూ కలిపి చేసిన ఊహ అది. రాయి, కానీ ఊహ అని చెప్పి రాయి.

నువ్వు ఒక్క వాక్యంలో దాటేసిన చోటే అసలు విషయం ఉంది. 2007లో ఖగోళ శాస్త్రవేత్త హెదర్ నట్సన్ బృందం స్పిట్జర్ టెలిస్కోప్‌తో ఈ గ్రహాన్ని ఏకధాటిగా 33 గంటల పాటు గమనించిన ఫలితాలు ప్రచురించింది. గ్రహం తిరుగుతూ పగటి వైపును మెల్లగా మనకు చూపిస్తుంటే వేడి వస్తువులు వెదజల్లే, కంటికి కనిపించని పరారుణ కాంతి పెరుగుతూ వచ్చింది. ఆ పెరుగుదల నుంచి వేడి ఎక్కడ ఎంతుందో మ్యాప్ గీశారు. అత్యల్పం దాదాపు 700 డిగ్రీల సెల్సియస్, అత్యధికం 940. ఎప్పటికీ వెలుగు సోకని వైపు 700 డిగ్రీలు ఎలా వచ్చాయి? గాలులు మోసుకెళ్ళాయి. అందుకే అన్నిటికంటే వేడి చోటు నక్షత్రానికి సరిగ్గా ఎదురుగా లేదు, తూర్పుకి జరిగి ఉంది. 64 కాంతి సంవత్సరాల దూరంలో వీచే గాలిని వెలుగు హెచ్చుతగ్గులతో పసిగట్టారు! దీనికి ఒక్క వాక్యమా? ఇక్కడ రెండు పేజీలు కావాలి.

వాస్ప్-76బి అనే మరో గ్రహం మీద ఇనుప వాన కురుస్తుందనీ రాశావు. 2020లో ప్రచురించిన పరిశీలనల్లో ఆ గ్రహం సాయంత్రపు అంచున, అంటే గాలి పగటి వైపు నుంచి రాత్రి వైపుకి దాటే చోట, ఇనుప ఆవిరి కనిపించింది. రాత్రి వైపు నుంచి పగటి వైపుకి దాటే ఉదయపు అంచున కనిపించలేదు. మధ్యలో రాత్రి వైపు అది చల్లబడి కురిసి ఉంటుందని పరిశోధకులు అన్నారు. తర్వాత దానికి వేరే వివరణలు కూడా వచ్చాయి. రెండు అంచుల తేడా ముందు చెప్పు, వాన తర్వాత.

పుస్తకం వేయడం గురించి అడిగావు, ఆ మాట ఇప్పుడు వద్దు. ఏం చదవాలన్నావు కదా, దానికి మాత్రం జవాబుంది. వార్తలు కాదు, అసలు పరిశోధన పత్రాలు చదువు. సారాంశం అయ్యాక నేరుగా పరిశీలనల విభాగానికి వెళ్ళు. ఏ టెలిస్కోప్, ఎన్ని గంటలు, ఎంత లోపానికి అవకాశం ఉంది, ఇవి నోట్‌బుక్‌లో రాసుకో. అర్థం కాని చోట గుర్తు పెట్టి నాకు పంపు, కూర్చుని చూద్దాం. వ్యాసాన్ని ఆ తర్వాత తిరగరాయి.