క్వేకర్ ఆరాధన మధ్యలో ఆ మౌనం ఎందుకంటే

అమెరికాలోని ఇండియానాలో ఫ్రెండ్ వెంట క్వేకర్లనే క్రైస్తవ శాఖవారి ఆరాధనకు వెళ్తే, పాటలు, పాస్టర్ ప్రసంగం అయ్యాక అందరూ ఉన్నట్టుండి మాటలు ఆపేశారని, ఏం చేయాలో తోచక టెన్షన్ పడ్డానని రాశారు. మీ తప్పేమీ లేదండీ.

1650ల ఇంగ్లండులో తొలి క్వేకర్లకు పాస్టరూ లేడు, ముందే వేసుకున్న క్రమమూ లేదు. అందరూ మౌనంగా కూర్చునేవారు. లోపలి నుంచి ప్రేరణ కలిగినవాళ్లు లేచి మాట్లాడేవారు. బ్రిటన్‌లో ఇప్పటికీ చాలావరకు అంతే. అమెరికా మధ్య పశ్చిమ రాష్ట్రాల్లో మాత్రం 19వ శతాబ్దం చివర్లో పాటలు, పాస్టర్లు వచ్చారు. అయినా చాలాచోట్ల కొన్ని నిమిషాల మౌనాన్ని అట్టే పెట్టుకున్నారు. దాన్నే ‘ఓపెన్ వర్షిప్’ అంటారు. నాకైతే ఆ ఆరాధనకు ప్రాణం అదే అనిపిస్తుంది.

ఈసారి వెళ్తే ఊరికే కూర్చోండి. కుర్చీ కిర్రుమన్నా, ఎవరో దగ్గినా కంగారు పడకండి. ఒకరు లేచి నాలుగు మాటలు చెబితే వెంటనే జవాబివ్వకూడదు, ఆ మాట మనసులో ఇంకేదాకా ఆగాలి. చివర్లో పాస్టర్ ప్రార్థనో, పాటో మొదలుపెడితే మౌనం ముగిసినట్టే.