టకియో స్పైక్స్‌ని ‘ఐరన్ లెగ్’ అనొచ్చా? – నా జవాబు

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో పదిహేనేళ్ళు ఆడి, ఐదు టీమ్‌లు మారి, 219 మ్యాచ్‌లలో దిగి, ఒక్క ప్లేఆఫ్ (సీజన్ చివర పై టీమ్‌లు ఆడే నాకౌట్) మ్యాచ్ కూడా ఆడని లైన్‌బ్యాకర్ (డిఫెన్స్ ఆటగాడు) టకియో స్పైక్స్‌ది ఐరన్ లెగ్గే కదా అని అడిగారు. కాదు. నేను బఫెలోలో ఎంఎస్ చదివే రోజుల్లో అతను మా ఊరి టీమ్ బఫెలో బిల్స్‌కి ఆడేవాడు. వారం వారం చూశాను కాబట్టి గట్టిగానే చెబుతున్నాను.

మీకు ఆ అనుమానం ఎందుకు వచ్చిందో తెలుసు. 1998 డ్రాఫ్ట్‌లో (కొత్త ఆటగాళ్ళని టీమ్‌లు వంతులవారీగా ఎంచుకునే చోట) సిన్సినాటి బెంగాల్స్ అతన్ని 13వ ఆటగాడిగా తీసుకుంది. అక్కడ ఐదేళ్ళు ఆడాడు, చివరి ఏడాది టీమ్ 2 గెలిచి 14 ఓడింది. అతను బఫెలో వచ్చేశాక, 2005లో బెంగాల్స్ ప్లేఆఫ్స్‌కి వెళ్ళింది. 2007లో ఫిలడెల్ఫియా ఈగిల్స్‌కి వెళ్ళాడు, ఆ ఏడాది టీమ్ 8 గెలిచి 8 ఓడింది. అతను లేని మరుసటి ఏడాదే ఆ టీమ్ లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్‌కి ఒక్క మెట్టు కింద దాకా చేరింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో మూడేళ్ళు ఉన్నాడు, ఏమీ లేదు. వదిలిపెట్టిన వెంటనే ఆ టీమ్ 13 గెలిచి 3 ఓడింది. తర్వాత శాన్‌డియేగోలో రెండేళ్ళు, అక్కడా అంతే. 2013లో అతన్ని తీసేశారు, అదే సీజన్‌లో వాళ్ళూ ప్లేఆఫ్స్ ఆడారు. వరసగా చదివితే ఎవరికైనా పాదం మీదకే మనసు పోతుంది.

కానీ నేను 2005 జనవరి 2 నాటి మ్యాచ్ చూశాను. ఆ సీజన్‌లో బిల్స్ మొదటి నాలుగూ ఓడి, తర్వాత లేచి నిలబడి, వరసగా ఆరు గెలిచి చివరి మ్యాచ్‌కి వచ్చారు. గెలిస్తే ప్లేఆఫ్స్ తలుపు దాదాపు తెరుచుకున్నట్టే. ఎదురుగా పిట్స్‌బర్గ్ స్టీలర్స్. వాళ్ళు అప్పటికే 14 గెలిచి ఉన్నారు కాబట్టి ముఖ్యమైనవాళ్ళకి విశ్రాంతి ఇచ్చి రెండో వరస ఆటగాళ్ళని దింపారు. మేము పై పోర్షన్‌లో అద్దెకుండేవాళ్ళం, ఇంటి ఓనర్ పెద్దాయన కింద ఉండేవాడు. ఆ రోజు మమ్మల్ని కిందకి పిలిచి కూర్చోబెట్టాడు. మా రూమ్మేట్లకి ఆట సగమే తెలుసు కానీ ఆయన టెన్షన్ చూసి వాళ్ళకీ టెన్షన్ పట్టుకుంది. స్పైక్స్ ఆ ఏడాది ఐదు ఇంటర్‌సెప్షన్లు (ఎదుటివాళ్ళు విసిరిన బంతిని మధ్యలో అందుకోవడం) పట్టాడు, వాటిలో రెండిటిని ఎదుటివాళ్ళ గీత దాటించి టచ్‌డౌన్ దాకా తీసుకెళ్ళాడు. బిల్స్ డిఫెన్స్ ఇచ్చిన గజాల లెక్కలో లీగ్ మొత్తం మీద రెండో స్థానం. ఇంకేం కావాలి అనుకున్నాం. స్టీలర్స్ రెండో వరస కుర్రాడు విల్లీ పార్కర్ 100 గజాలకి పైగా పరిగెత్తాడు, మా క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపించేవాడు) చేతిలోంచి జారిన బంతిని వాళ్ళ జేమ్స్ హారిసన్ అందుకుని టచ్‌డౌన్ చేశాడు, 29-24తో ఓడిపోయాం. చేతికి అందింది నోటికి అందలేదు. పెద్దాయన టీవీ కట్టేసి బయటికి వెళ్ళిపోయాడు, మేము ఏం మాట్లాడాలో తెలియక మెట్లెక్కి వచ్చేశాం.

ఆ హారిసన్ టచ్‌డౌన్ జరిగినప్పుడు స్పైక్స్ మైదానంలో లేడు. బంతి మన చేతిలో ఉండగా డిఫెన్స్ వాడు బెంచీ మీద కూర్చుని చూడాల్సిందే. దానికి అతని పాదం ఏం చేస్తుంది? తర్వాతి సీజన్ మూడో మ్యాచ్‌లో మడమ పైనున్న అకిలెస్ స్నాయువు (టెండన్) తెగింది. చాలామంది లైన్‌బ్యాకర్లకి అంతటితో కెరీర్ అయిపోతుంది, అతను తిరిగొచ్చి 2012 దాకా ఆడాడు.

ఇంకో విషయం ఎవరూ చెప్పరు. టీమ్ దశ తిరిగేది సాధారణంగా కొత్త కోచ్ వచ్చినప్పుడు. కొత్త కోచ్ ముందు చేసే పని వయసైన, జీతం ఎక్కువైన ఆటగాళ్ళని పంపేయడం. బెంగాల్స్‌కి 2003లో మార్విన్ లూయిస్, శాన్‌ఫ్రాన్సిస్కోకి 2011లో జిమ్ హార్‌బా, శాన్‌డియేగోకి 2013లో మైక్ మెకాయ్ వచ్చారు. మూడు చోట్లా కొత్త కోచ్ మొదటి సీజన్ మొదలయ్యేసరికి స్పైక్స్ అక్కడ లేడు, ఒకచోట తనే వెళ్ళాలనుకున్నాడు, ఒకచోట తీసేశారు. కష్టకాలంలో దెబ్బలు తిన్నవాడు ఒకడు, పండగ రోజు భోజనానికి కూర్చునేది ఇంకొకడు.

ఇది నాకు ఎందుకింత పట్టిందంటే, సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టర్‌గా నేనూ చాలా క్లయింట్లు మారాను. నేను చేరిన కొన్నాళ్ళకే రెండుచోట్ల బడ్జెట్ కోసి ప్రాజెక్ట్ ఆపేశారు. తర్వాత ప్రాజెక్ట్ లేక బెంచ్ మీద ఉన్నప్పుడు మన తెలుగువాళ్ళే, లంచ్ టేబుల్ దగ్గర, “నువ్వు మా ప్రాజెక్ట్‌కి రాకు బాసూ, ఐరన్ లెగ్” అన్నారు. నవ్వుతూనే అన్నారు. కానీ ఆ మాట నా వెనకాల ఇంకో టీమ్ దాకా వెళ్ళింది, ఇంటర్వ్యూలో కూడా ఎవరో ఎత్తారు. రాత్రిళ్ళు కూర్చుని ప్రొడక్షన్ సరిచేసింది ఎవరికీ గుర్తులేదు. మనిషి పొట్ట మీద కొట్టే మాట అది.

అమెరికన్ టీవీ వాళ్ళూ తక్కువ తినలేదు. పొద్దున లేస్తే క్వార్టర్‌బ్యాక్‌ల గురించే చర్చ, సూపర్ బౌల్ గెలిస్తే ఇచ్చే ఉంగరాలు ఎవరికెన్ని అని లెక్క. 53 మంది ఉన్న టీమ్‌లో ఒక్కడి చేతి వేళ్ళు చూసి తీర్పు చెప్పేస్తారు. అప్పట్లో లీగ్ నుంచి ప్రతి ఏటా 12 టీమ్‌లే ప్లేఆఫ్స్‌కి వెళ్ళేవి, మిగతా అందరూ జనవరి మొదట్లోనే ఇంటికి.

ఇంకా నమ్మకం కుదరకపోతే లండన్ ఫ్లెచర్‌ని చూడండి. 1998లోనే వచ్చాడు, డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు, రెండో సీజన్‌లోనే రామ్స్ టీమ్‌తో సూపర్ బౌల్ గెలిచాడు. అతనూ లైన్‌బ్యాకరే. తర్వాత బఫెలోకి వచ్చి స్పైక్స్ పక్కనే ఆడాడు. 2003 నుంచి 2006 దాకా ఇద్దరూ ఒకే టీమ్. ఫ్లెచర్‌ది బంగారు పాదమైతే ఆ నాలుగేళ్ళలో బిల్స్ ఒక్కసారైనా ప్లేఆఫ్స్‌కి వెళ్ళాలి కదా? వెళ్ళలేదు. మరి అతన్ని ఐరన్ లెగ్ అని ఎవరూ ఎందుకు అనరో మీరే చెప్పండి.