మొక్కుకున్న రెండు నెలల జీతం ఇవ్వలేకపోయాను, దేవుడు శిక్షిస్తాడా?

నాన్నగారు ఐసీయూలో ఉన్నప్పుడు ‘ఆయన్ని బతికిస్తే రెండు నెలల జీతం నీకిస్తాను ప్రభువా’ అని మొక్కుకున్నానని రాశారు. ఆయన కోలుకున్నారు, ఏడాదైంది. మందుల షాపులో ఖాతా, బాబాయి దగ్గర చేబదులు ఇంకా తీరలేదు. వడ్డీకి తెచ్చయినా కానుక ఇచ్చెయ్యాలా అని మీ ప్రశ్న.

వడ్డీకి మాత్రం తేవద్దండి. ఎందుకంటున్నానో నా సంగతి చెప్తాను.

2014 అక్టోబరు 12, హుద్‌హుద్ తుపాను వచ్చిన ఆదివారం. విశాఖ కంచరపాలెంలో మాది రేకుల ఇల్లు. మధ్యాహ్నం గాలి కాసేపు ఆగింది. అయిపోయిందనుకుని అమ్మ అన్నం వండబోయింది. తుపాను కన్ను మన ఊరి మీదే ఉందని మాకేం తెలుసు? మళ్లీ రెండో వైపు నుంచి అందుకుంది. రేకులు ఒక్కొక్కటే లేచిపోతుంటే మంచం కింద దూరి, ‘బతికి బయటపడితే మా చర్చి మందిరానికి రేకులు నేనే వేయిస్తాను’ అనేశాను. మందిరం కప్పు ఎగిరిందో లేదో కూడా అప్పటికి తెలియదు నాకు. (తర్వాత చూస్తే సగం లేదు.)

ఇల్లు బాగుచేయించుకోవడానికి మా వీధిలో వెల్డింగ్ షాపు అన్న దగ్గర 18 వేలు తీసుకున్నాను. సంక్రాంతికి ఇచ్చేస్తానన్నాను. సంక్రాంతి వెళ్లింది, వేసవీ వెళ్లింది. ఆయన షాపు ముందు నుంచి వెళ్లడం మానేసి చుట్టు తిరిగి వెళ్లేవాణ్ణి. ఓ ఆదివారం సందు మలుపులో ఎదురుపడ్డాడు. “ఏటి తమ్ముడూ, చర్చికేనా?” అన్నాడు. అంతే, డబ్బు ఊసెత్తలేదు. నేను బైబిలు సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాను.

ఆ రోజే మొక్కుబడి కింద నాలుగు వేలు కవరులో పెట్టుకుని వెళ్లాను. సాక్ష్యం కూడా చెబుతానన్నాను. మా వీధిలో ఏదీ దాగదు కాబట్టి అప్పు సంగతి మా పాస్టరు అయ్యగారికి ముందే తెలుసు. కవరు తిరిగి నా జేబులో పెట్టి మత్తయి 5:23, 24 చదవమన్నారు. అర్పణ తెచ్చినప్పుడు సహోదరునికి నీ మీద ఏదైనా ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే విడిచి ముందు వెళ్లి సమాధానపడమన్న మాట. “ఇది వెల్డింగ్ ఆయనది. దేవుడు ఆగుతాడు, ఆయన పిల్లల ఫీజు ఆగదు” అన్నారు.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దాన వచనం కార్డులు ఇస్తారు కదా. దేవుడు మనకిచ్చిన మాట ఫ్రిజ్ మీద అంటించుకుంటాం, మనం ఇచ్చిన మాట ఎక్కడా రాసుకోం. ఆ ఏడు కార్డు వెనక ‘నెలకి రెండు వేలు’ అని రాసి ఏడు తేదీలు వేసుకున్నాను. నాలుగో నెల జీతం లేటైంది. ఉత్త చేతులతో షాపుకి వెళ్లి “వచ్చే వారం అన్నా” అని చెప్పడానికి, మంచం కింద చేసిన ప్రార్థన కంటే ఎక్కువ విశ్వాసం కావాల్సి వచ్చింది నాకు.

అలాగని మీ మొక్కుబడి రద్దయిపోయిందని అనను. ఆలస్యం చేయొద్దనే ప్రసంగి 5:4 చెబుతుంది. కానీ లేవీయకాండము 27:8 కూడా చదవండి. మొక్కుకున్నవాడు ఆ వెల కట్టలేనంత బీదవాడైతే యాజకుని దగ్గరకి వెళ్లాలి, అతని స్తోమతను బట్టి యాజకుడు వెల నిర్ణయించాలి. ధర్మశాస్త్రంలోనే ఇంత వెసులుబాటు ఉంది! యుద్ధంలో గెలిస్తే ఇంటి నుంచి ఎదురొచ్చినదాన్ని బలిస్తానని మొక్కుకుంటే కూతురే ఎదురొచ్చిన యెఫ్తా కథ చెప్పి మిమ్మల్ని భయపెట్టేవాళ్లు ఉంటారు. ఆ మొక్కు దేవుడు అడిగింది కాదు, యెఫ్తా తనంతట తాను అన్నది.

నా అప్పు తీరేసరికి మందిరానికి సంఘంవాళ్లే రేకులు వేసేసుకున్నారు. నా మాట ఇక ఎక్కడ చెల్లించాలి? అయ్యగారినే అడిగితే, సంఘంలో ఒక విధవరాలి ఇల్లు చూపించారు. 2017 వానలకి ముందు ఎనిమిది రేకులు వేయించాను. ఒకటి సరిగ్గా బిగించలేదట, గాలికి కొట్టుకుంటోందని ఆవిడ ఇప్పటికీ నాకే ఫోన్ చేస్తారు.

మీరూ మీ అయ్యగారిని కలవండి. వెళ్లేటప్పుడు ఆ మందుల షాపు ఖాతా పుస్తకం కూడా పట్టుకెళ్లండి.