ఆవకాయ డబ్బా, సీటీ స్కాన్ కవరు

బాబూ, ఎంవీపీ కాలనీ నుంచి నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. తొమ్మిదేళ్ల కొడుక్కి సిస్టిక్ ఫైబ్రోసిస్ (ఊపిరితిత్తుల్లో చిక్కటి కఫం పేరుకునే పుట్టుజబ్బు), నీకు అమెరికాలో ఉద్యోగం, నవంబరు ఆఖర్న ప్రయాణం. "అక్కడ డాక్టర్లు బాగా చూస్తారా అక్కా?" అని అడిగావు. చూస్తారయ్యా. డబ్బు సంగతి మాత్రం ఒక్కరూ ముందు అడగరు, బిల్లు చేతికొచ్చాక నాకు ఫోన్ చేస్తారు.

మేం వచ్చేనాటికి మావాడికి పదేళ్లు. చిన్నప్పుడు వాణ్ని ముద్దాడినప్పుడల్లా మా అత్తగారు "ఏటే, గుంటడు ఉప్పుకల్లులా ఉన్నాడు" అనేవారు. చెమటలో ఉప్పు అంతలా పోవడమే ఈ జబ్బు ఆనవాలని తర్వాత తెలిసింది. విశాఖలో తీయించిన సీటీ ఫిల్ములు పెద్ద ఖాకీ కవర్లో ఉండేవి. బయల్దేరే రోజు పెట్టె మూత పడలేదు. కవరు తీసి అటక మీద పెట్టి, ఆ చోట్లో ఆవకాయ డబ్బా కుక్కాను. నేనే. ఇంకొకర్ని అనడానికి లేదు.

ఇక్కడ డాక్టరమ్మ మొదటి ప్రశ్నే "పాత స్కాన్ ఏది?" అని. ఈ జబ్బులో వెడల్పైపోయిన ఊపిరితిత్తుల గాలిగొట్టం చాలావరకు మళ్లీ మామూలవదు. అందుకే అది పాతదా, కొత్తగా వచ్చిందా అన్నది పక్కపక్కన పెట్టి చూస్తారు. మా దగ్గర కాగితం రిపోర్టు తప్ప ఏం లేదు. డిసెంబరులో మళ్లీ సీటీ తీయించాం. ఇన్సూరెన్సు వాళ్లు చెయ్యి కదపకముందు మనం పెట్టుకోవాల్సిన డిడక్టిబుల్ మాకు 3,000 డాలర్లు, అంతా మన జేబులోంచే.

తర్వాత వ్యాయామ పరీక్ష అన్నారు. నేను గీచిగీచి బేరం పెట్టాను: "ఊదే పరీక్ష బాగానే వచ్చిందిగా, మావాడు సింహాచలం మెట్లెక్కాడండీ!" ఇరవై మెట్లకోసారి కూర్చున్నాడని చెప్పలేదు. ఊదే పరీక్షలో చూసేది మొదటి సెకనులో ఎంత గాలి బయటికొచ్చిందని. ఆ అంకె మామూలుగా ఉన్నా చిన్న గొట్టాల్లో కఫం అడ్డుపడి ఉండొచ్చు. ఊపిరి వదిలాక తీసిన సీటీలో, లోపలే చిక్కుకున్న గాలి నల్లని మచ్చల్లా కనపడుతుంది. ఇక ఒళ్లు ఎంత శ్రమకు తట్టుకుంటుందో ఆ రెండింట్లోనూ తెలీదు.

సరే, పండగ సెలవులయ్యాక చేయిద్దాం అన్నాను. జనవరి 1న డిడక్టిబుల్ మళ్లీ సున్నా నుంచి మొదలు! రెండోసారి కట్టాం.

మూతికి మాస్కు, వేలికి క్లిప్పు, సైకిలు. రక్తంలో ఆక్సిజన్ అంకె 97 నుంచి 93కి దిగేసరికి నా చేతులు చల్లబడ్డాయి. చివరికి వాణ్ని ఆపింది ఊపిరికన్నా ఎక్కువగా కాళ్లే. కండ లేదు, తొక్కిస్తే వస్తుందన్నారు. శ్రమకు ఎక్కువ తట్టుకోగలిగినవాళ్లే ఎక్కువకాలం బతికారని 1992లోనే పిట్స్‌బర్గ్ పరిశోధకులు రాశారట. వీధిలో పాత సామాన్లమ్మే ఇంట్లో 20 డాలర్లకు సైకిలు కొన్నా. ఈ దేశంలో నాకు దక్కిన చవక బేరం అదొక్కటే.

నువ్వూ నవంబరు ఆఖర్నే దిగుతున్నావు, అదే నా భయం. మందులు, కఫం తీయించడం ఒక్కరోజు ఆపకు. తొందర లేని పరీక్షలు మాత్రం జనవరి తర్వాత ఒకే ఏడాదిలో పడేలా డాక్టర్నే అడుగు. పాత జబ్బు ఉందని కవరేజీ కాదనకూడదని 2014 నుంచి చట్టం ఉంది, మిగతా నిబంధనలు ఆఫీసువాళ్లిచ్చే పుస్తకంలో చూసుకో. జన్యు పరీక్ష రిపోర్టు మర్చిపోకు. ఈ జబ్బుకిచ్చే ట్రైకాఫ్టా మందు పనిచేసేదీ లేనిదీ దాన్నిబట్టే తేలుతుంది, ఏడాది మందు ధర 3 లక్షల డాలర్ల పైమాటే.

మీ ఆవిడ దిగులు గురించీ రాశావు. ఆర్నెల్లలో సర్దుకుంటుందిలే.

స్కాన్ సెంటరువాళ్లు ఫిల్ములిచ్చి పంపేస్తారు, డైకామ్ ఫైళ్లు (స్కాన్ బొమ్మల కంప్యూటరు ఫైళ్లు) సీడీలో అడిగి తీసుకో. ఇంటికెళ్లి తెరుచుకుంటుందో లేదో చూసి, పెన్‌డ్రైవులోకీ ఎక్కించు. ఆ కవరు నీ చేతిసంచిలో పెట్టుకో, పెట్టె సర్దే పని మాత్రం మీ అమ్మగారికి అప్పగించకు.